కత్తెరగారి కలాపోసన

సాహిత్యాన్ని శ్రద్ధగా చదివేవాళ్లు కరువయ్యారని బెంగపడేవారికి ఓ శుభవార్త. సెన్సారువారున్నారు. మనం పేజీలు తిప్పేస్తాం; వారు మాట మాటా చదువుతారు, కింద గీత గీస్తారు, రాత్రుళ్లు నిద్ర మానుకుని ఆలోచిస్తారు. ఇంతటి నిష్ఠాపరుడైన పాఠకుడు దొరకాలంటే రచయిత పెట్టి పుట్టాలి.

రే బ్రాడ్‌బరీ పెట్టి పుట్టాడు. పుస్తకాలు తగలబెట్టే లోకం గురించి ఆయన 1953లో ‘ఫారెన్‌హీట్ 451’ రాశాడు. 1967లో దాన్ని బడిపిల్లల కోసమని ప్రచురణకర్తలు కాస్త శుభ్రం చేశారు. రచయితకు చెప్పలేదు, పెద్దమనిషిని ఇబ్బంది పెట్టడం దేనికని కాబోలు. ఓ 75 చోట్ల కత్తెర పడింది. తిట్లు పోయాయి. గర్భస్రావం అన్న మాట పోయింది. తాగుబోతు కాస్తా రోగిష్టి అయ్యాడు. బొడ్డు శుభ్రం చేసుకునే ప్రస్తావన చెవులకు మారింది. మనుషులకు బొడ్డుంటుందన్న రహస్యం అమెరికా పిల్లలకు అలా తెలియకుండా పోయింది! కొన్నేళ్లకు అసలు ప్రతి అచ్చు ఆపేసి, ఈ కడిగిన ముత్యాన్నే పెద్దలకూ అమ్మారు. రచయితకు సంగతి తెలిసేసరికి 1979.

అసలు తమాషా ఏమిటంటే, ఆ నవలలో పుస్తకాలు తగలబెట్టే దళానికి నాయకుడైన కెప్టెన్ బీటీ చెప్పేదీ ఇదే. తగలబెట్టడం పైనుంచి వచ్చిన హుకుంతో మొదలు కాలేదట. ఎవరి మనసూ నొచ్చుకోకూడదని ముందు కుదించారట, కత్తిరించారట, కిరసనాయిలు తర్వాత వచ్చిందట. మనం దాన్ని హెచ్చరిక అనుకున్నాం. ప్రచురణకర్తలు వంటల పుస్తకంలా చదివారు.

ఆర్వెల్‌కు ఈ భాగ్యం రెండు శిబిరాల నుంచీ దక్కింది. స్టాలిన్ మిత్రపక్షంలో ఉన్న రోజుల్లో, అతని పాలనను వెక్కిరించే ‘యానిమల్ ఫామ్’ రాతప్రతి పట్టుకు తిరిగాడు. 1944లో ఓ ప్రచురణ సంస్థ తరఫున టి.ఎస్. ఎలియట్ మర్యాదగా తిప్పి పంపాడు: పందులే తెలివైనవి కదా, ఇంకాస్త ప్రజాహితం కోరే పందులుంటే సరిపోయేదన్నాడు. (మన ఎన్నికల ప్రసంగాల సారమంతా ఆ మహాకవి ఒక్క ఉత్తరంలో తేల్చేశాడు.) మరో ప్రచురణకర్త జొనాథన్ కేప్, సమాచార మంత్రిత్వ శాఖ అధికారి సలహా విని వెనక్కి తగ్గాడు. ఆ అధికారి పీటర్ స్మోలెట్ సోవియట్ గూఢచారి అని తర్వాత బయటపడింది. దేశభక్తి అంటే అదీ, ఏ దేశం మీద అన్నది వేరే సంగతి.

పుస్తకం 1945లో ఎలాగో వచ్చింది. ఇక అవతలి శిబిరం వంతు. 1954 నాటి కార్టూను సినిమాకు డబ్బు పెట్టింది సి.ఐ.ఎ. నవల చివర పంది ఎవరో మనిషి ఎవరో పోల్చుకోలేక జంతువులు నిలబడిపోతాయి. అలా వదిలేస్తే ప్రేక్షకుడు మనుషుల్ని కూడా అనుమానిస్తాడు. అందుకని తెర మీద మనుషుల్ని తప్పించి, పందుల మీద జంతువుల చేత తిరుగుబాటు చేయించారు. శుభం కార్డు పడింది.

ఆర్వెల్ మరో నవల ‘1984’లో సత్య మంత్రిత్వ శాఖవారు పనికిరాని నిజాలను గోడలోని కంతలో వేస్తే కొలిమికి పోతాయి. 2009 జూలైలో అమెజాన్ ఆ నవలనే కొన్నవారి కిండిల్‌లలోంచి చెప్పాపెట్టకుండా తీసేసింది. హక్కుల్లేనివాళ్లు అమ్మారన్నది కారణం, న్యాయమైనదే. రాసుకున్న నోట్సు కొరగాకుండా పోయిందని ఓ విద్యార్థి కోర్టుకెక్కాడు. జెఫ్ బెజోస్ క్షమాపణ చెప్పారు, డబ్బు తిరిగిచ్చారు. సత్య మంత్రిత్వ శాఖకు వాపసు కౌంటరు పెట్టాలని పాపం ఆర్వెల్‌కు తట్టలేదు.