‘ఇచ్చి ఉరుకు’ సూత్రానికి మహానందీయ వ్యాఖ్య

మూలం: ఒరేయ్, బాలు పట్టుకోని నిలబడాకు, ఇచ్చి ఉరుకు!

అవతారిక: కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఓడుతూ వస్తోంది. అవతలి గోల్‌పోస్టు ఎట్లుంటుందో దగ్గరగా చూసినవాడు జట్టులో లేడు. పాత కోచ్‌కు బదిలీ అయింది, కొత్తాయన వచ్చాడు. నల్లమల మీద నుంచి చల్లగాలి దిగే వేళ, మొదటి ప్రాక్టీసులోనే, మూడోసారి విజిల్ ఊది ప్రయోజనం లేక ఆయన లోకానికి ప్రసాదించిన సూత్రమిది. మహానంది, నంద్యాల దిక్కు ఏ మైదానంలోనైనా వినబడగలదు గాని వ్యాఖ్యానం ఇంతవరకు లేదు.

ప్రతిపదార్థం: ఒరేయ్ = ఓ సెంటర్ ఫార్వర్డు కుమారా (ఏకవచనమైనను పదకొండుమందికి వర్తించును; గోల్‌కీపరు మాత్రము తనకు కాదనుకొని నీళ్లు తాగుచున్నాడు); బాలు = ఉన్నదొక్కటియు, గాలి తగ్గినదియునైన ఆ బంతిని; పట్టుకోని = పాదముల నడుమ పిత్రార్జితమువలె నుంచుకొని (చేతితో అని అర్థము చెప్పరాదు, అది ఫౌలు); నిలబడాకు = సైకిలు స్టాండు వైపు చూచుచు నిలువవలదు; ఇచ్చి = నీకన్న మంచి చోట నున్నవానికి, వాడు నిరుడు తన రికార్డు నీకు ఈయనివాడైనను, అందించి; ఉరుకు = అది తిరిగి నీకు అందగల ఖాళీలోనికి పరుగెత్తుము.

తాత్పర్యం: బంతితో పందెం వేసి గెలిచినవాడు లేడు. కాబట్టి పరుగు దానికి అప్పగించాలి. ఎదుటి డిఫెండరుకు కళ్లు రెండున్నా మెడ ఒక్కటే. బంతిని చూస్తే ఉరికేవాడు తప్పిపోతాడు, ఉరికేవాణ్ణి చూస్తే బంతి తప్పిపోతుంది. మహానంది కోనేరులో అడుగున పడ్డ గుండుసూది కూడా కనబడుతుందంటారు. అడుగున ఊట వస్తూనే ఉంటుంది, పైన నీళ్లు అరటి తోటలకు పోతూనే ఉంటాయి గనక అంత తేట. కోచ్ కోరే దాడి కూడా అట్లా ఆగకుండా పారేదే. మనవాళ్ల దాడో, ఒకడు ముగ్గుర్ని దాటి, నాలుగోవాడికి బాలు భద్రంగా అప్పజెప్పి, నడుమున చేతులు పెట్టుకుని నిలబడడం.

విశేషం: ఇక్కడ పూర్వపక్షి లేచి అంటాడు: “గోలు కొట్టేవాడే లేనప్పుడు ఇచ్చి ఏం లాభం, ఉరికి ఏం లాభం సార్? ముందు ఒక స్ట్రైకర్ను తెండి.” దీనికి సమాధానం హైదరాబాదు నుంచి రావాలి. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి బడిపంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నాడు. 1950 నుంచి 1954 దాకా రోవర్స్ కప్పు వరసగా ఐదేళ్లు ఆ జట్టుదే. సొంత విన్యాసాల పిచ్చి వదిలించడానికి ఆయన డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టాడు, వాటం లేని కాలితోనే ఆడాలనే పోటీలూ పెట్టాడు. మన సూత్రానికి ఇంతకన్నా ప్రమాణం అక్కర్లేదు. ఆయనకూ దెబ్బలు తగిలాయి. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆస్ట్రేలియా మీది నాలుగింటిలో నెవిల్ డిసౌజా ఒక్కడివే మూడు గోల్స్.

అసలు విశేషం 1962 జకార్తా ఆసియా క్రీడలది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌తో ఆడుతూ వెనక కోటగోడలాంటి జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలించుకున్నాడు, కుట్లు పడ్డాయి. ఇంకొకడైతే అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డు చేశాడు! సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద ఒక గోలు, ఫైనల్లో అదే కొరియా మీద ఒక గోలు ఆ కట్టుకట్టిన తలవాడివే. ఫైనల్లో ఇంకో గోలు పి.కె. బెనర్జీది. 2-1, బంగారు పతకం. స్ట్రైకరు డిఫెన్సులోనే దాక్కుని ఉండవచ్చునని దీనివల్ల సిద్ధించింది, పూర్వపక్షి కూర్చోవచ్చు. అప్పటికే కాన్సర్ ముదిరిన రహీం 1963 జూన్‌లో కన్నుమూశాడు. మన హైదరాబాదు మాస్టారి సంగతి మనలో చాలామందికి తెలియడానికి 2024లో హిందీ ‘మైదాన్’ సినిమా రావలసి వచ్చింది. వ్యాఖ్యాతకు ఈ విషయంలో కొంచెం మంట ఉంది, పాఠకులు మన్నించనక్కర్లేదు.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో ‘ఇచ్చి ఊరుకో’ అని ఉన్నది. జట్టు ఇన్నాళ్లు అనుసరించినది ఈ పాఠమునే. లేఖక దోషమని తోసిపుచ్చవలెను.

ఫలశ్రుతి: ఈ సూత్రాన్ని నిత్యం సాయంత్రం ఆచరించేవారికి మొదట పిక్కల నొప్పి, పిమ్మట ఆకలి, ఆపైన అప్పుడప్పుడు ఒక కార్నర్ కిక్ లభిస్తాయి. గోలు లభిస్తుందా అని పూర్వపక్షి మళ్లీ లేచాడు. మూలంలో లేనిది రాయనని కోలాచలం మల్లినాథసూరి పెట్టుకున్న నియమమే మాదీనూ. మూలంలో గోలు మాట లేదు.