పాత ఆటకు కొత్త రంగు వేసే దొరలకు స్తుతి

అయ్యా, రీమాస్టరు దొరలారా! మామిడి తోటల మధ్యనున్న మైలవరం నుంచి మీకు వేయి దండాలు. మీరు ఏ దేశంలో ఉన్నా మీ ఖ్యాతి మా దాకా వచ్చింది. తెర మీద తుపాకీ పట్టిన చెయ్యి మాత్రమే కనిపిస్తూ, ఆటగాడి కంటితోనే లోకమంతా చూపించే పాత ఆటల్ని దుమ్ము దులిపి మళ్ళీ అంగడికెక్కిస్తున్నవాళ్ళు మీరు. డూమ్, క్వేక్, హాఫ్ లైఫ్, ఐజీఐ, కౌంటర్ స్ట్రైక్ మా వాళ్ళకు కొత్త పేర్లేమీ కావు. మా ఊళ్ళో లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజినీరింగ్ కాలేజీ 1998లో మొదలైంది. హాఫ్ లైఫ్ వచ్చిందీ ఆ ఏడే. ఇంజినీరింగ్ చదువులూ ఇంటర్నెట్ సెంటర్లూ ఈ ఆటలూ మన ఊళ్ళకు దాదాపు ఒకే కాలంలో వచ్చి చేరాయి. ఒక తరం కుర్రాళ్ళకు మౌసు మీద చెయ్యి కుదిరింది వీటితోనే. అంచేత మిమ్మల్ని పొగిడే హక్కు మాకూ ఉందనుకుంటున్నాను. మీ గుణాలను ఒక్కొక్కటిగా కీర్తిస్తాను.

మొదట మీ రంగుల నేర్పు. 2007లో వచ్చిన క్రైసిస్ అనే ఆటను 2020 సెప్టెంబరులో మీరు మళ్ళీ దింపారు. నీటి మీద మెరిసే వెలుగు, ఆకుల సందున దిగే ఎండ, లోహం మీద కదిలే నీడ చూసి మనసారా దండం పెట్టాను. అంత వెలుగు తెచ్చిన చేతులు మామూలువి కావు. ఆ చేతులే అసెన్షన్ అనే ఒక ఘట్టాన్ని మొత్తంగా వదిలేసి ఆటను అమ్మాయి. అసలు పీసీ ఆటను పక్కన పెట్టి, దాన్ని కుదించి చేసిన కన్సోల్ ప్రతిని పునాదిగా తీసుకున్నందువల్ల వచ్చిన లోపం అది. ఆడేవాళ్ళు నిలదీశాకే ఆ ఘట్టం వెనక్కి వచ్చింది. మా వైపు వేసవిలో కొందరు వ్యాపారులు పచ్చి బంగినపల్లికి కార్బైడు పెడతారు. తొక్క బంగారంలా తిరుగుతుంది, కోస్తే లోపల పులుపు. కార్బైడుతో కాయలు మగ్గబెట్టడాన్ని మన చట్టం నిషేధించింది. మీ పనికి అలాంటి అడ్డేమీ లేదు. అందులోనూ మీరే అదృష్టవంతులు.

రెండోది తాళం వేసే శక్తి. డూమ్ 1993 డిసెంబరులో పుట్టినప్పుడు దాని కర్తలు మొదటి భాగాన్ని లోకానికి వదిలేశారు. కాపీ చేసుకోండి, స్నేహితులకు పంచండి అన్నారు. ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి నడుచుకుంటూ ఆ ఆట ప్రపంచమంతా తిరిగింది. ఒంటరిగా కూర్చుని ఎవరి అనుమతీ అడగకుండా ఆడుకునే ఆట అది. 2019 జూలైలో అదే ఆట కన్సోళ్ళ మీదకు మళ్ళీ వచ్చింది. ఈసారి తెరవాలంటే ముందు కంపెనీ ఖాతాలో లాగిన్ కావాలి! పాతికేళ్ళు తాళం లేకుండా నిలిచిన ఇంటికి వాకిలి కట్టి తాళం బిగించడానికి చాలా సామర్థ్యం కావాలి. జనం గోల చేశాక దాన్ని ఐచ్ఛికం చేస్తామన్నారు. గోల చేయకపోతే ఆ తాళం అలాగే ఉండేది. కరెంటుతో పాటు నెట్ కూడా పోయే ఊళ్ళలో ఆ తాళానికి అర్థమేమిటో మాకు తెలుసు.

మూడోది మీ లెక్కల కచ్చితత్వం. దీన్ని కాస్త తీరుబడిగా పొగడాలి. 2023 సెప్టెంబరు 27న కౌంటర్ స్ట్రైక్ 2 వచ్చింది. రీమాస్టరన్న పేరు పెట్టకపోయినా పని అదే: 2012 నాటి గ్లోబల్ అఫెన్సివ్‌ను కొత్త ఇంజన్ మీద మళ్ళీ కట్టడం. పొగ మేఘం బుల్లెట్ తగిలితే విడిపోవడం చూస్తే నిజంగా ముచ్చటేస్తుంది. అయితే ఈ కొత్త ఆట పాతదాని పక్కన చేరలేదు, దాని స్థానంలోనే కూర్చుంది. మ్యాక్ వాళ్ళనూ, 32 బిట్ వాళ్ళనూ, డైరెక్ట్ ఎక్స్ 9 కార్డుల వాళ్ళనూ వదిలేసింది. వీళ్ళంతా కలిపినా ఆడేవాళ్ళలో ఒక శాతం లోపేనని కంపెనీ లెక్క చెప్పింది. లెక్క తప్పని నేను అనను. ఆ శాతంలో ఎవరుంటారో మాత్రం చెప్తాను. అన్న వాడి వదిలేసిన డెస్క్‌టాప్ మీద ఆడే తమ్ముడుంటాడు. మామిడి కోతలయ్యి డబ్బు చేతికొచ్చాక కొడుక్కి బెజవాడలో సెకండ్ హ్యాండ్ కంప్యూటరు కొనిపెట్టిన తండ్రి ఉంటాడు.

పాత కౌంటర్ స్ట్రైక్ 1.6కు 500 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 96 ఎంబీ ర్యామ్ చాలు. కొత్తదానికి 8 జీబీ ర్యామ్, డిస్కులో 85 జీబీ చోటు కావాలి. రోజుకు 2 జీబీ ఫోను ప్యాకు మీద ఆ 85 జీబీని దించాలంటే ఇంకే పనికీ నెట్ వాడకుండా నలభై రోజులకు పైనే పడుతుంది. గ్లోబల్ అఫెన్సివ్‌ను బీటా అనే మూలగదిలో పెట్టి, 2024 జనవరి 1 తర్వాత దాని బాధ్యత మాది కాదన్నారు. సంతోషం ఏమిటంటే 1.6ను ఇంకా అమ్ముతున్నారు. అంతవరకు మీ దయ నిజమైన దయే, కాదనను.

నాలుగోది మీ హక్కుల కాపలా. నో వన్ లివ్స్ ఫరెవర్ అని 2000లో వచ్చిన ఆట ఉంది. వేషం మార్చే గూఢచారిణి కథ, చక్కని హాస్యం. దాన్ని మళ్ళీ తెస్తామని నైట్‌డైవ్ అనే సంస్థ ముందుకొచ్చింది. హక్కులు పెద్ద కంపెనీల చేతులు మారీ మారీ, అమ్మే అధికారం ఎవరిదో తేలక ఆ పని ఆగిపోయింది. ఎవరికి చెందిందో తెలియని ఆస్తికి కూడా ఇంత గట్టి కాపలా కాసే మీ నిష్ఠను ఎలా కీర్తించాలి? 1997 నాటి గోల్డెన్ ఐకి ఎక్స్‌బాక్స్ 360 కోసం చేసిన రీమాస్టరు దాదాపు పూర్తయ్యాక ఆగిపోయింది. 2021లో అది దొంగదారిన బయటికి పొక్కి జనం ఆడేశారు. అధికారికంగా ఆ ఆట మళ్ళీ వచ్చింది 2023 జనవరిలో, అదీ పాత రూపంతోనే. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీసింది: 2010కి ముందు అక్కడ విడుదలైన పాత ఆటల్లో 87 శాతం అప్పటికి అంగట్లో దొరకవు. మీరు రంగులద్దే నాలుగు ఆటల మెరుపు ముందు ఆ 87 శాతం చీకటి ఎవరికీ కనబడదు. ఆ మెరుపు గొప్పతనం అదే.

అయిదోది మీ ధైర్యం. ఎపిక్ సంస్థ తన పేరును లోకానికి చాటిన అన్‌రియల్ ఆటలను 2022 డిసెంబరులో అమ్మకం నుంచి తీసేసింది. మరుసటి నెలలో వాటి సర్వర్లను ఆపింది. తన ఇంజనుకు ఆ ఆట పేరే పెట్టుకుని, దాని మీద ఇంత సంపద కూడబెట్టిన ఇల్లు అది. కన్నతల్లిని గడప దాటించడానికి గుండె దిటవుండాలి. ఆ ఆటలను ఏళ్ళ తరబడి జీతం లేకుండా బాగుచేస్తూ వచ్చినవాళ్ళు అభిమానులే. కౌంటర్ స్ట్రైక్ కూడా 1999లో ఇద్దరు కుర్రాళ్ళు సరదాగా హాఫ్ లైఫ్‌కు చేర్చిన మార్పుగానే పుట్టింది. మీ సింహాసనాలు ఎవరి వీపుల మీద నిలిచాయో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇన్ని గుణాలు పొగిడాక మీకు చేతకాదని ఎవరూ అనలేరు. మీలోనే కొందరు దారి చూపించారు. హేలో మొదటి ఆటకు 2011లో పదేళ్ళ పండుగ ప్రతి వచ్చింది. అందులో ఒక్క మీట నొక్కితే కొత్త బొమ్మ పోయి పాత బొమ్మ వస్తుంది, మళ్ళీ నొక్కితే కొత్తది. ఏం మారిందో ఆడేవాడే కళ్ళారా చూసుకోవచ్చు. 2021 ఆగస్టులో వచ్చిన కొత్త క్వేక్‌ను అప్పటికే స్టీమ్ అనే నెట్ అంగట్లో పాతది కొన్నవాళ్ళకు ఉచితంగా ఇచ్చారు, పాత రూపాన్నీ అక్కడే ఉంచారు. 2023 నవంబరులో హాఫ్ లైఫ్‌కు పాతికేళ్ళు నిండితే బాగుచేసిన ప్రతి ఇచ్చి, మార్పులకు ముందున్న ప్రతినీ కావలసినవాళ్ళకు అందుబాటులో పెట్టారు. దీనికి కొత్త విజ్ఞానం అక్కర్లేదు, ఉంచాలన్న మనసు చాలు.

ఆ మనసు ఎలా ఉంటుందో తెలుగువాళ్ళకు తెలుసు. 1957 నాటి మాయాబజార్‌కు హైదరాబాదు గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్ది 2010 జనవరిలో విడుదల చేసింది. జనం ఆదరించారు. రంగుల ఘటోత్కచుణ్ణి చూసి పిల్లలు కేరింతలు కొట్టారు. నలుపు తెలుపు మాయాబజార్‌ను మాత్రం ఎవరూ చెరిపేయలేదు. మార్కస్ బార్ట్‌లే కెమెరా పట్టిన వెన్నెల ఇప్పటికీ అలాగే ఉంది. కొత్తది నచ్చినవాళ్ళు కొత్తది చూస్తారు, పాతది కావాలన్నవాళ్ళు పాతది చూస్తారు. సినిమాకు దక్కిన ఈ మర్యాద ఆటకు ఎందుకు దక్కకూడదు? ఆట కూడా మనుషులు చేసిన కళే. దాన్ని ఆడిన చేతులకూ చరిత్ర ఉంది.

కాబట్టి దొరలారా, నా స్తుతిని ఈ మూడు కోరికలతో ముగిస్తాను. కొత్తది తెచ్చినప్పుడు పాతదాన్ని దాని పక్కనే ఉంచండి. ఒంటరిగా ఆడే ఆటకు లాగిన్ అడగకండి. మీరు అమ్మదలచుకోని ఆటను దాచుకోకుండా, కాపాడతామని ముందుకొచ్చిన అభిమానుల చేతిలో పెట్టండి.

ఆడే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. రీమాస్టరు కొనేముందు మూడు సంగతులు చూడండి: పాత ప్రతి కూడా వస్తుందా, నెట్ లేకుండా నడుస్తుందా, మీ ఇంట్లో ఉన్న కంప్యూటరు మీద ఆడుతుందా. మూడింటికీ అవునన్న జవాబు రాకపోతే మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. డూమ్ తాళం ఊడింది, క్రైసిస్‌లో పోయిన ఘట్టం తిరిగొచ్చింది ఆడేవాళ్ళు అడగబట్టే. మీరూ అడగండి.