రెండో ఇంజనుకి అంత తొందరేటి?

మా ఏటికొప్పాక కుర్రాళ్లకి విమానాల పిచ్చి పట్టుకుంది. పట్టనీ, నాకేం అభ్యంతరం లేదు. నా గొడవల్లా వాళ్ల నాన్నలతోనే. చెరుకు డబ్బులు లెక్కేసుకుంటూ, పొలం అమ్మాలా బ్యాంకు లోను తియ్యాలా అని తేల్చుకోలేక, వరాహ నది గట్టు మీద నన్ను పట్టుకుని అడిగే మొదటి మాట: “మాస్టారూ, మావోడికి మల్టీ ఇంజన్ మొదట్లోనే చేయించేస్తే ఉద్యోగం తొందరగా వస్తాదంట, నిజవేనా?” ఆ మావోడు ఇంకా క్లాస్ వన్ మెడికల్‌కే వెళ్లలేదు. వాతావరణం పేపరు పుస్తకం అట్టయినా చూడలేదు. రెండో ఇంజను మాత్రం ముందే కావాలి!

మా రోజుల్లో ఈ ప్రశ్నే లేదు. బేగంపేటలో విమానం నేర్చుకునేటప్పుడు మాకు దొరికింది పుష్పక్. హెచ్.ఏ.ఎల్. వాళ్లు బెంగుళూరులో చేసిన, గుడ్డ కప్పిన బుల్లి విమానం. ఇంజను ఒక్కటే, సీట్లు రెండు. రెండింజన్ల సంగతంటే పెద్దవాళ్లు చెప్పే డకోటా కబుర్లే. ప్రేమ్ మాథుర్ సంగతీ అలాగే విన్నాం. 1947లో లైసెన్సు తెచ్చుకున్న ఆవిడని చాలా కంపెనీలు ఆడపిల్లని కాదన్నాయి. చివరికి మన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్ తీసుకుంది, డకోటాల మీద కో-పైలట్‌గా. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ అక్కడ తేలింది. ఇప్పటి పిల్లల్లో ఒక్కడికి ఆ పేరు తెలిస్తే ఒట్టు.

పుష్పక్‌కి మూడో చక్రం తోక కింద. నేల తాకి వేగం తగ్గేకొద్దీ తోక పక్కకి గుంజుతుంది. పెడళ్ల మీద పాదాలు నిద్రపోయాయా, గిర్రున తిరిగి రెక్క నేలకి రాసుకోవాల్సిందే. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టరు అరిచేది ఒకటే: “కాళ్లు! కాళ్లు!” ఇప్పటి సెస్నాకి మూడో చక్రం ముక్కు కింద. కాస్త వంకరగా దించినా అదే సర్దుకుంటుంది. దాంతో మనవాళ్లు పాదాలు నేలకి ఆనించి, సినిమా హాల్లో కూర్చున్నంత హాయిగా ఉంటున్నారు.

ఆ పాదాలతోనే వెళ్లి ట్విన్, అంటే రెండింజన్ల విమానం, ఎక్కుతానంటే నాకు ఒళ్లు మండుతుంది. రెండింజన్లూ తిరుగుతుంటే ఎవడైనా నడుపుతాడు. నేర్పేదంతా ఒకటి ఆగినప్పటి సంగతే. టేకాఫయిన కాసేపటికి ఎడమది ఆగిందనుకోండి. కుడిది ముక్కుని ఎడమకి తోసేస్తుంది. కుడి పెడల్ పిక్క వణికేదాకా తొక్కిపట్టాలి. ఏ కాలికి పని లేదో ఆ వైపు ఇంజనే పోయినట్టు గుర్తు. ఆ వైపు థ్రాటిల్ వెనక్కి లాగి ఖాయం చేసుకుని, ప్రొపెల్లర్ రెక్కల్ని గాలికి అంచు మళ్లించాలి. వేగం చూపే డయల్ మీద ఎర్రగీత ఒకటుంది. అంతకన్నా వేగం తగ్గితే ఎంత తొక్కినా లాభం లేదు, ఆగిన ఇంజను వైపు తిరగబడుతుంది. పైన నీలం గీత, ఒక్క ఇంజనుతో ఎక్కడానికి అనువైన వేగం. ఎక్కడమంటే పేరుకే. బలం సగమే పోయినా, ఎక్కే శక్తి చిన్న విమానాల్లో ఎనభై శాతం పైనే పోతుంది.

లక్క పని చేసేవాళ్ల ఊరు మాది. చేతికి ఉలి పట్టు రానివాడి చేత ఎవరైనా మూత బిగిసే భరిణె చేయిస్తారా?

డబ్బు లెక్క కూడా అదే చెబుతుంది. ఇక్కడ కమర్షియల్ లైసెన్సుకి ఎగిరిన గంటలు 200 కావాలి, అందులో 100 సొంతంగా. చాలా స్కూళ్లలో 185 సింగిల్ ఇంజను మీద, 15 ట్విన్ మీద. ట్విన్ గంటకి సింగిల్‌కి రెట్టింపు పైనే అవుతుంది. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగు ట్విన్ మీదే చేస్తారు, ఆ రేటింగు గడువు ఏడాది. సొంతంగా ఎగిరినవాటిలో 15 గంటలు దరఖాస్తుకి ముందు ఆరునెలల్లోవి అయ్యుండాలి. ముందే ట్విన్ చేసేసి, నావిగేషన్ పేపరు తప్పి, ఇంట్లో కూర్చున్నవాడి గడువులన్నీ దాటిపోతాయి. మళ్లీ ఆ ఖరీదైన విమానమే ఎక్కాలి, మళ్లీ నాన్నే కట్టాలి. పేపర్లన్నీ గట్టెక్కాక, ఆఖర్న, ఇన్‌స్ట్రుమెంట్‌తో కలిపి చేసుకుంటే పోయేదేముంది?

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు కమర్షియల్ పరీక్షే ట్విన్ మీద ఇచ్చేసి, సింగిల్ తర్వాత కలుపుకుంటారు. అక్కడే ఉండి ఎగిరేవాడికి ఆ గంటలు పనికొస్తాయి, కాదనను. తిరిగొచ్చి ఇక్కడి లైసెన్సుకి మార్చుకోవాల్సినవాడికి అదెందుకు?

మొన్నొక గుంటడు నన్నే నిలదీశాడు: “ఎయిర్‌బస్‌లో అంతా కంప్యూటరే కదా తాతా, కాళ్లతో పనేటి?” ఏ320లో టేకాఫప్పుడు ఇంజను పోతే రడ్డర్ తొక్కాల్సింది పైలటేరా, ఎంత తొక్కాలో తెర మీద గుర్తు చూపిస్తుంది గానీ అది తొక్కి పెట్టదు అన్నాను. నా ఎదురుగానే ఫోన్లో వెతికి చూసుకుని, అప్పుడు తలూపాడు. వాళ్ల నాన్నకి ఈ గొడవేదీ పట్టలేదు. “అయితే ట్విన్ ఫీజు ఇప్పుడే కట్టక్కర్లేదన్నమాట” అని తువ్వాలు దులుపుకుని లేచాడు.