నేను మిగిల్చిన డబ్బు

చౌకగా కట్టడమంటే టెండర్ అంకె తగ్గించడమేనని నమ్మిన మూర్ఖుణ్ణి నేను. ఒక విశ్వవిద్యాలయానికి హాస్టల్ డిజైన్ చేసే పని వచ్చినప్పుడు, ఉన్న డబ్బులోనే వీలైనన్ని గదులు రాబట్టాలనుకున్నాను. ఎస్టిమేట్ ఎంతకీ దిగిరాకపోతే కిటికీల మీద సజ్జలు కొట్టేశాను. పైపుల కోసం వదిలిన షాఫ్టును గదుల్లో కలిపేసి, పైపులన్నిటినీ గోడల్లో పూడ్పించాను. ముందు పోర్టికోకు వేసిన గ్రానైట్‌ను మాత్రం ముట్టుకోలేదు. పెద్దలు వచ్చి చూసేది దాన్నే కదా అనుకున్నాను.

వానాకాలం రాగానే జల్లు నేరుగా గదుల్లోకి కొట్టింది. కిటికీల కింద గోడలు చెమ్మకు ఉబ్బి పెచ్చులూడాయి. బాత్‌రూము కింది గదిలో ఒక కుర్రాడు మంచాన్ని గోడకు దూరంగా జరుపుకుని, పుస్తకాల పెట్టె మీద పాలిథీన్ కవరు కప్పుకున్నాడు. "ఎన్నాళ్ల నుంచి బాబూ?" అని అడిగితే, "చేరినప్పటి నుంచీ ఇంతే సార్" అన్నాడు. నాకు మాట రాలేదు. పైపు ఎక్కడ కారుతోందో తెలియక ప్లంబరు వరసగా టైల్స్ పగలగొట్టాడు. ఆ ఖర్చు మెయింటెనెన్స్ పేరుతో పిల్లల బిల్లులోకే ఎక్కింది.

తర్వాత తిరువనంతపురం వెళ్లి, ఆర్కిటెక్ట్ లారీ బేకర్ 1970లలో కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ చూశాను. ఆయన పద్ధతులన్నీ శ్రద్ధగా చదివాను. ఆయనా ఖర్చు తగ్గించినవాడే. ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ గోడతో దాదాపు నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, ఆ ఖాళీ ఎండ వేడినీ ఆపుతుంది. స్లాబు అడుగున బరువు మొయ్యని కాంక్రీటు బదులు పాత పెంకులు పెట్టాడు. ప్లాస్టరింగ్ మానేశాడు. గోడను వాన నుంచి కాపాడే చూరును మాత్రం వదల్లేదు. ఏది లేకపోయినా ఇల్లు నిలుస్తుందో ఆయనకు తెలుసు. నేను సరిగ్గా దాన్నే ఉంచి, నిలబెట్టేదాన్ని తీసేశాను.

హాస్టళ్లు డిజైన్ చేయబోయే యువ ఇంజనీర్లకు నా విన్నపం ఒకటే. డబ్బు చాలకపోతే పోర్టికో తీసేయండి, గ్రానైట్ తీసేయండి. సజ్జ, షాఫ్టు, వాటర్‌ప్రూఫింగ్ జోలికి పోకండి. పైపు ఎప్పుడూ మనిషి చెయ్యి అందేచోటే ఉండాలి. వీటి మీద మీరు మిగిల్చిన ప్రతి రూపాయినీ చివరికి ఆ గదుల్లో ఉండే పిల్లలే కడతారు.