పొత్తు వాళ్లకి, కటీఫు మనకి

కాంగ్రెస్ మీద కత్తి కట్టి 1982లో పుట్టిన తెలుగుదేశం, 2018 తెలంగాణ ఎన్నికల్లో అదే కాంగ్రెస్‌తో చేయి కలిపింది. ఆ ఏడాదే బీజేపీతో తెగతెంపులు చేసుకుని, 2024కల్లా మళ్లీ ఒకే పందిట్లో కూర్చుంది. 2004లో కాంగ్రెస్‌తో, 2009లో తెలుగుదేశంతో జతకట్టిన టీఆర్ఎస్, 2019లో ఏకంగా 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలను కారెక్కించుకుంది. ఎవరికీ ఎవరిమీదా పగ లేదు పాపం. నిన్నటి తిట్లకు కాలదోషం పట్టేసింది.

పగంతా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఉంది. 2019లో సైకిలు, గ్లాసు వేరువేరుగా పోటీచేసినప్పుడు, ఒకే బెంచీ మీద చదువుకున్న ఇద్దరు ఒక ఫార్వర్డు దగ్గర "నువ్వెంత, నీ పార్టీ ఎంత" అనుకున్నారు. ఇద్దరూ గ్రూపు వదిలేశారు. గుడ్ మార్నింగ్ గులాబీలు ఆగాయి. ఒకడి కూతురి పెళ్లికి రెండోవాడికి శుభలేఖ అందలేదు. అంతకుముందు చేబదులు తీసుకున్న ఐదువేలు మాత్రం సిద్ధాంతం ఖాతాలో జమైపోయాయి!

2024లో పార్టీలు కలిశాయి, సీట్లు పంచుకున్నాయి. మనవాళ్లిద్దరూ ఒకే ప్రచార వ్యానుకి చెరోపక్క వేలాడుతూ ఒకే అభ్యర్థికి జై కొట్టారు. ఒకే గుర్తుకు ఓటేసి, వేర్వేరు ఆటోల్లో ఇంటికెళ్లారు.

"పొత్తు కుదిరిందిగా, మళ్లీ చేర్చనా?" అని అడ్మిన్ ఫోన్ చేస్తే ఇద్దరిదీ ఒకటే జవాబు.

"అధిష్ఠానం ఏమంటుందో చూసి చెప్తా."