మా కాలంల భాగోతానికి సీటు లేకుండె

ఆట నేర్చుకునేటందుకు ఎంట్రన్స్ పరీక్ష రాసుడు ఎక్కడన్న విన్నరా? మా మనవడు రాసిండు. గచ్చిబౌలి దిక్కు సెంట్రల్ యూనివర్సిటీల సరోజినీ నాయుడు పేరు మీద ఒక స్కూలున్నదట, 1988ల పెట్టిండ్రట. స్కూలంటే చిన్నపిల్లల బడి అనుకున్న. కాదు తాతా, అండ్ల డాన్సు, థియేటర్, పెయింటింగు అన్నిట్ల పీజీ ఉంటది, రెండేండ్లు అన్నడు. రెండేండ్లు నాటకం చదువుడు! చదివినంక ఏమైతవురా అంటే, ఎంపీఏ అయితడట. ఎంపీ విన్న, ఎంపీపీ విన్న, గీ ఎంపీఏ మాత్రం వినలే.

దంతాలపల్లిల మాకు ఫారం లేదు, ఫీజు లేదు. అప్పటికి మాది మండలం గూడ కాదు, నర్సింహులపేట మండలంల ఊరు. 2016ల మండలమైంది, దాంతోటి ఒరిగిందేందో ఆఫీసు మెట్లెక్కినోళ్లనే అడగాలె. సరే, ఏం చెప్తున్న... ఆ, భాగోతం ఆడే చిందోళ్లు. కోతలైనంక దిగేటోళ్లు. పొద్దున మా అరుగు మీద బీడీ తాగిన మనిషే పొద్దుగూకినంక మొకానికి అర్దళం పూసుకొని, కర్ర కిరీటం పెట్టి, భుజకీర్తులు కట్టి మాంధాత మహారాజు అయ్యేటోడు. మద్దెల మీద దెబ్బ పడితె పక్కూరోళ్లు గూడ గొంగళ్లు పట్టుకొని వచ్చేది. ఆట తెల్లారేదాక. మీరేమో గంటన్నర నాటకానికి నడుమ ఇంటర్వెల్ ఇస్తరు, మీ నడుములు పాడుగాను. మేం రాత్రంత కూసున్నం. అంటే, సగం రాత్రి కూసున్నం, మిగిలిన సగం గొంగట్ల పన్నం. యుద్ధం వచ్చినప్పుడు మా అమ్మ లేపేది.

మొన్న మనవడు సెలవులకు వచ్చి ఫోన్ల ఫొటోలు చూపిచ్చిండు. తోటి పిల్లలెవరో నేల మీద రంగులు పోసి, దాని మీదనే నడిచిండ్రు. దాన్ని ఇన్‌స్టలేషన్ అంటరట. ఓరి పిచ్చోడా, సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు నీ అయ్య భుజం మీద పోయినవు, మరిచినవా? పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి. టేపు లేదు, స్కేలు లేదు, వేళ్ల సందులకెల్లి గీత జారుతది. అంత పెద్ద పట్నం ముగ్గు వేసి, డోలు కొట్టుకుంట, కథ చెప్పుకుంట, పూనకమొచ్చి దాన్నే తొక్కుతరు. బొమ్మ వేసేది, పాట పాడేది, ఆట ఆడేది అన్నీ మల్లన్న కథ చెప్పే ఒగ్గోళ్లే. మీకేమో బొమ్మకొక డిపార్టుమెంటు, ఆటకొక డిపార్టుమెంటు, రెండిట్లకు నడుమ క్యాంటీను.

లింగాలఘనపురం మండలం మాణిక్యాపురపు చుక్క సత్తయ్య ఒగ్గుకథ చెప్పి సంగీత నాటక అకాడమీ అవార్డు తెచ్చుకున్నడు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానం మీద 2024ల పద్మశ్రీ వచ్చింది. రెండూ మా జనగామ దిక్కు ఊర్లే. ఏ యూనివర్సిటీల సీటొచ్చిందని వాళ్లు నేర్చిండ్రు? వరంగల్లనేమో జానపదాల కోసమే తెలుగు యూనివర్సిటీ పీఠం పెట్టిండ్రు. ఆడినోళ్లకు అరుగు, రాసినోళ్లకు డాక్టరేటు.

మనవడే అనుకుంటే మనవరాలు అంతకంటె ఎక్కువ. దానికి మాసబ్‌ట్యాంకు కాడి ఫైన్ ఆర్ట్స్ కాలేజీల బీఎఫ్ఏ గావాలె, నాలుగేండ్లు. నిజాం కాలంల 1940ల పుట్టిన బడి అది, 2008ల యూనివర్సిటీ కిందికొచ్చింది. పరీక్షల చూడకుంట యాదికున్న బొమ్మ గియ్యాలట. చేర్యాల నకాషోళ్లు ఏం చూసి గీసిండ్రే? బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టిచ్చి, ఎర్రటి రంగు మీద పురాణమంత దింపేది, అంతా యాదికున్నదే. ఇంకో ముచ్చట చెప్పిన దానికి. బొట్టు పెట్టుకున్న మన తెలంగాణ ఆడోళ్ల బొమ్మలేస్తడు చూడు, తోట వైకుంఠం, బూరుగుపల్లె ఆయన. చిన్నప్పుడు ఊర్లల్ల ఆడవేషం కట్టిన మగోళ్లను చూసుకుంట పెరిగిండు, ఆ మొకాలే బొమ్మలల్లకు వచ్చినయి అన్న. అదేమంటది? "సగమే చెప్తవేంది తాతా, ఆయన చదివింది గూడ నేను అడిగే కాలేజీలనే, ఆ మీద బరోడా పోయి సుబ్రమణ్యన్ సారు దగ్గర నేర్సుకున్నడు" అని. గీ కాలపు పిల్లలకు పెద్దల మాట సగంల తుంచుడు బాగ అలవాటైంది.

మా అయ్య కాలంల అట్ల తుంచితె తెలిసేది. ఒకసారి నేను గూడ అర్దళం పూసుకొని వేషం కడుత అన్న. చింతబరిగె ఇరిగేదాక కొట్టిండు. అది మన పని గాదు, వాళ్ల పని అన్నడు. ఎవల ఆట వాళ్లదే అప్పట్ల: ఒగ్గు కురుమోళ్లది, చిందు చిందోళ్లది, నకాషీ నకాషోళ్లది. చూసెటోడు ఎవడన్న చూడొచ్చు, నేర్సుకునెటోడు మాత్రం ఆ ఇంట్లనే పుట్టాలె. చిందోళ్ల పిలగాడు మద్దెల ఇడిచిపెట్టి బడికి పోత అన్నా అట్లనే ఉరిమేటోళ్లు. ఇప్పుడు మనోడి క్లాసుల ఎవలెవలో ఉన్నరట, మణిపూర్ పిల్ల ఒకతె మనోడి పక్కన కూసొని చిందు అడుగు నేర్సుకుంటున్నదట. గీ సంగతి నేను ఒప్పుకున్ననని వానికి చెప్పకుండ్రి, నెత్తికెక్కుతడు.

వచ్చే నెల వాడు చదువు పని మీద కెమెరా పట్టుకొని ఊరికొస్తడట. చిందు ఆట పాత ముచ్చట్లు నా నోట రికార్డు చెయ్యాలట, ఇరవై నిమిషాలు మాట్లాడితె చాలట. ఇరవై నిమిషాలల్ల మాంధాత ఇంకా సభల గూడ అడుగుపెట్టడు బిడ్డా. రెండు బ్యాటరీలు ఎక్కువ తెచ్చుకో.