లోకోత్తరపు కొల్వు: టీకా తాత్పర్యము

ఆ.వె.
లోకమెల్ల మార్చు లోకోత్తరపు కొల్వు
జీతమడుగ రాదు సిగ్గు గాదె
షేరులిత్తుమయ్య శేషమ్ము నాల్గేండ్ల
కోర్చువాని కబ్బు కోటిరాశి

అవతారిక: కథానాయకుడు బీటెక్ చదివి, ఒక సర్వీసు కంపెనీలో ఏ దేశపు బ్యాంకుకో ఏళ్ల తరబడి కోడ్ రాసి, ఒకానొక అప్రైజల్ అనంతరం వైరాగ్యం పుట్టి రాయదుర్గం చేరాడు. 2015లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో పుట్టిన స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్ 2022లో ఇక్కడికి తరలివచ్చింది గనుక ఈ ప్రాంతంలో లోకాన్ని మార్చేవారికి కొదవ లేదు. వారిలో ఒకరు, మిరప రైతుకు ఫోనులోనే తెగుళ్ల సలహా చెప్పే స్టార్టప్ ఫౌండర్, కాఫీ ఇప్పించి చెప్పిన పద్యమిది. ఇందులో రసం వీరమని ఫౌండరు, అద్భుతమని ఇన్వెస్టరు, కరుణమని కుర్రవాడి తల్లి.

మూలంలో లేని ముక్క రాయనని ఒట్టు పెట్టుకున్న వ్యాఖ్యాత మల్లినాథసూరిది మన మెదక్ జిల్లా కొల్చారమని ప్రతీతి. ఆ ఒట్టు ఈ పద్యం దగ్గర చెల్లదు. ఇక్కడ తెలుసుకోవలసినవన్నీ మూలంలో లేనివే.

ప్రతిపదార్థం: లోకమెల్లన్ = సమస్త ప్రపంచమును (ప్రస్తుతానికి గుంటూరు, ఖమ్మం వైపు కొన్ని మండలాలు); మార్చు = మార్చునట్టి; లోకోత్తరపు కొల్వు = అలౌకికమైన ఉద్యోగము; జీతము అడుగన్ రాదు = జీతమెంతయని అడుగకూడదు; సిగ్గు కాదె = లజ్జాకరము కాదా; షేరులు ఇత్తుము అయ్య = షేర్లు ఇచ్చెదము నాయనా; శేషమ్ము = మిగిలినది; నాల్గేండ్లకున్ ఓర్చువానికిన్ = నాలుగు సంవత్సరములు ఓర్చుకొనువానికి; కోటిరాశి = కోట్ల కుప్ప; అబ్బు = లభించును.

తాత్పర్యం: తక్కువకు రమ్ము, ఎక్కువ సేపు ఉండుము.

విశేషాలు: "మార్చు" తద్ధర్మార్థకం. భూత భవిష్యద్వర్తమానాల్లో ఏదీ కాదు కనుక ఎప్పుడు మారుస్తారని వ్యాకరణం అడగదు, బోర్డు మీటింగు అడుగుతుంది. అంతమాత్రాన ఇది ఉత్త డాంబికమని కొట్టిపారేసే వ్యాఖ్యాతలతో ఈ టీకాకారుడికి పొత్తు లేదు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మిరప పూతను రాల్చేసినప్పుడు, రైతు పరుగెత్తింది పురుగుమందుల కొట్టుకే. అప్పిచ్చేది ఆ కొట్టే, వైద్యం చెప్పేదీ ఆ కొట్టే. ఏ డబ్బా చేతికిస్తే అది కొట్టి, తగ్గకపోతే మరో రెండు కలిపి కొట్టారు. అమ్మే అవసరం లేని మనిషి ఒకరు సలహా చెబితే బాగుండునన్నది నిజమైన కోరిక, నిజమైన అవసరం. కుర్రవాడు పడిపోయింది దానికే. పడిపోదగినదే.

అయితే ఆకు ఫోటో పంపమని యాప్ అడిగితే రైతు పంపేది, "ఇవాళ మిర్చి యార్డులో తేజ రకం ఎంత పలికింది?" అన్న ప్రశ్న. ఫోటో పంపినా, దాన్నుంచి తెగులును పోల్చే మోడల్‌కు అదే ఆకు మొబైల్ వెలుతురులో ఒక రకంగా, మబ్బులో ఇంకో రకంగా కనిపిస్తుంది. చివరికి ఫోనెత్తి, "అన్నా, ముందు నీలం రంగు జిగురు అట్టలు కట్టు, ఆ రెండు మందులూ కలిపి కొట్టబాక" అని చెప్పేది వినుకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన కాల్ సెంటర్ అమ్మాయి. ఇన్వెస్టర్లకు చూపే స్లైడులో మాత్రం ఆ మాట కృత్రిమ మేధ చెప్పినట్టుంటుంది. అతిశయోక్త్యలంకారం.

"సిగ్గు గాదె": కాకువు. ఈ పాదానికి "మనమంతా ఒక కుటుంబం" అని ఆధునిక వ్యాఖ్య ఉంది. గ్రాహ్యం కాదు. ఉమ్మడి కుటుంబంలో చివరికి ఆస్తి పంపకమైనా ఉండేది, ఇక్కడ ఉన్నది నోటీసు పీరియడ్. రాత్రి పదకొండుకు రిలీజ్ పెట్టుకుని "రైతు కోసం" అంటారు. ఆ వేళకు రైతు నిద్రపోయి ఉంటాడు.

"షేరులు": లాక్షణిక ప్రయోగం. ఇచ్చేది షేరు కాదు, ముందే రాసుకున్న ధరకు రేపు షేరు కొనుక్కునే హక్కు. మొదటి ఏడాది నిండకముందే వెళ్లిపోతే అదీ లేదు. 2014 నాటి కంపెనీల నియమాలు కూడా హక్కు రాసిచ్చిన తేదీకీ, అది చేతికి దఖలు పడే తేదీకీ మధ్య కనీసం ఏడాది ఉండాలనే అంటాయి. ఆ తర్వాత మిగిలినది, మొత్తం నాలుగేళ్లు నిండేలోపు కొంచెం కొంచెంగా దఖలు పడటం ఆనవాయితీ. నడుమ రాజీనామా చేస్తే, అప్పటికి దఖలైన వాటిని కొనుక్కోవడానికి చాలాచోట్ల ఇచ్చే గడువు మూడు నెలలు. కొన్న రోజున, అప్పటి విలువకూ మీరు కట్టిన ధరకూ ఉన్న తేడాను ఆదాయపు పన్నువారు జీతంగా లెక్కిస్తారు. ఒక్క షేరూ అమ్ముడుపోలేదు, చేతికి రూపాయి రాలేదు, పన్ను మాత్రం వచ్చింది. 2020 బడ్జెట్ ఈ పన్నును కొన్నేళ్లు వాయిదా వేసుకోనిచ్చింది. అదీ కేంద్రంలోని అంతర్ మంత్రిత్వ బోర్డు ధ్రువపత్రం సంపాదించిన స్టార్టప్‌లలో పనిచేసేవారికే.

"శేషమ్ము": పద్యానికి ప్రాణమిది. దేని తర్వాత మిగిలినది? కంపెనీ అమ్ముడుపోతే, ఒప్పందాన్ని బట్టి, ప్రిఫరెన్స్ షేర్లున్న ఇన్వెస్టర్లు ముందుగా తమ పెట్టుబడి తీసుకుంటారు. మిగిలితే మిగతావారికి. ఇచట శేషుడని శ్లేష చెప్పి, వేయి పడగలంటే వేయి షరతులని ఒకరు వ్యాఖ్యానించారు. ఇది గ్రాహ్యమే.

పాఠాంతరం: రెండో ఏటి నిధుల వేట తర్వాత మొదటి పాదం కొన్ని ప్రతుల్లో ఇలా కనబడుతుంది: "మందులమ్మి మనెడు మహితమౌ మన కొల్వు". లేఖక దోషమనుకోరాదు, దీన్నే పివట్ అంటారు. కారణం దాచేదేమీ కాదు. సలహాకు రైతు డబ్బివ్వడు. ఎందుకిస్తాడు? 2004 నుంచి కిసాన్ కాల్ సెంటర్ ఆ పని ఉచితంగా చేస్తోంది. డబ్బు మందుల్లో ఉంది, అప్పులో ఉంది. అందుచేత కొట్టువాడి సలహా నుంచి రైతును విడిపించడానికి పుట్టిన యాప్‌లో, ఒక సోమవారం పొద్దున, సలహా కిందనే "ఇప్పుడే కొనండి" అన్న మీట మొలిచింది. ఆల్ హ్యాండ్స్ మీటింగులో ఫౌండరు దీన్ని మిషన్ విస్తరణ అన్నారు. కాల్ సెంటర్ అమ్మాయికి నెలకింత అమ్మకమని టార్గెట్ వచ్చింది. ఆమె "కొట్టబాక" అనడం తగ్గింది. షేర్ల జాబితాలో ఆమె పేరు మొదటి నుంచీ లేదు, ఆమె కాంట్రాక్టు మనిషి. పద్యం నాలుగు పాదాల్లోనూ రైతు అన్న మాట కూడా లేదని పాఠకులు గమనించే ఉంటారు.

ఛందస్సు: గణాలూ యతులూ కుదిరాయి. ఆఫర్ లెటర్లలో రూపానికి లోటుండదు.

ఫలశ్రుతి: ఈ పద్యం విన్నవారు సంతకం పెట్టే ముందు అడగవలసినవి: కంపెనీ మొత్తం షేర్లెన్ని, నాకు రాసిన ధర ఎంత, మానేస్తే గడువెంత, ఇన్వెస్టర్లు ముందు తీసుకునేది ఎంత, బోర్డు ధ్రువపత్రం ఉందా, ఫోనెత్తే అమ్మాయికి ఎన్ని షేర్లిచ్చారు. అన్నిటికీ కాగితం మీద జవాబొస్తే చేరండి, పని మంచిదే. "నమ్మకం ఉండాలి" అన్న జవాబొస్తే, సిగ్గుపడకుండా జీతమే గట్టిగా అడగండి.